బండి తోక లేచిన ఏడాది

మొన్న ఆదివారం పొద్దున మా ఆయన వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని, పక్కింటి దర్జీ దగ్గర అడిగి తెచ్చుకున్న టేపుతో మా పాత బండి వెనుక చక్రాన్ని కొలుస్తున్నాడు. చక్రం నడిమి నుంచి పైన రేకు అంచు దాకా ఎంతుందో చూడడం, మూలుగుతూ లేచి ఎడమ పక్కకు పోయి అక్కడ చూడడం, రెండు లెక్కలూ కలవకపోతే టేపును తిట్టడం. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఫోనుకు వీడియోలు పంపాడట. వెనుక భాగం కుంగిన బండికి ఏమేం చేయవచ్చో, స్ప్రింగుల నడుమ గాలి బుడగలు ఎట్లా పెట్టవచ్చో ఒక తెల్లవాడు అందులో నవ్వుతూ చెబుతాడు. మా ఆయనకు ఇంగ్లీషు సగం వస్తుంది, బండి సంగతి పావు వంతు తెలుసు. రెండూ కలిపితే ముప్పావు అయింది కదా అని ఆయన ధీమా. నేను మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఈ తతంగమంతా చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆయన తలెత్తి, "ఇగో, వెనుక కూసుంటే కింద దబ్బుమని తగులుతున్నట్టు నీకేమన్న తెలుస్తున్నదా?" అని అడిగాడు.

మా పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది. ఈ బండి మా కుటుంబంలోకి వచ్చి ఇరవై ఏళ్ళు అవుతోంది. వెనుక కూర్చున్న మనిషిని మా ఇంటి మగవాడు ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. చాట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. చాయ్ పెట్టడానికి పోయాననుకున్నాడు పాపం. నేను వంటింటి పీట మీద కూర్చుని, ఈ ప్రశ్న ఎవరికి చెందాలో ఆ మనిషిని తలుచుకున్నాను.

ఆ మనిషి మా అక్క. తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. నన్ను వేములవాడ పక్క పల్లె నుంచి బోథ్‌కు ఇచ్చినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. బస్సు దిగి మూడు రోజులైనా నా చెవుల్లో రోడ్డు మోత పోలేదు, అంత దూరం. ఆ ఇంట్లో నాకు మొదట అర్థమైన భాష మా అక్కదే, ఎందుకంటే ఆమెది చొప్పదండి. మా పక్క మాట. మిగతావాళ్ళు మాట్లాడితే నడుమ నడుమ మరాఠీ ముక్కలు పడేవి. ఆమె చాలా పొడగరి. గుమ్మానికి తోరణం కట్టాలంటే మేమంతా పీట కోసం వెతుకుతుంటే ఆమె చేయి చాపి కట్టేసి పోయేది. నెత్తి మీద బిందె లేకున్నా ఉన్నట్టే నిటారుగా నడిచేది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను చూసి నవ్వుకుంటూ, మా ఇంటి దూలానికీ ఆమెకూ ఒకటే కొలత అనేవాళ్ళు. ఆమెకు ఆ మాట ఇష్టం. తనకున్న ఒకే ఒక్క గర్వం అదని నాకొకసారి చెప్పింది కూడా.

మా బావగారు చెడ్డవారు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నా కోపానికి దారి సులువవుతుంది. ఊళ్ళో ఎవరికి కష్టం వచ్చినా లేచి పోయేవారు, అందరి పెళ్ళిళ్ళకూ ముందుండేవారు, పటేల్ అని పిలిస్తే పలికేవారు. ఇంట్లో మాత్రం ఆయన మాటకు రెండో మాట లేదు. మా అత్తవారింటి పద్ధతి ఏమంటే తమ్ముడి భార్య బావ ఎదుట కుర్చీలో కూర్చోదు, ఆయనతో ఎదురెదురుగా మాట్లాడదు. ఏదైనా చెప్పక తప్పకపోతే గోడకు చెప్పినట్టు చెప్పాలి. బియ్యం అయిపోతే "బియ్యం అయినయట" అనాలి, ఎవరో ఎక్కడో అనుకుంటుంటే మన చెవిన పడ్డట్టు. మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరి ఊరు కదా, ఆ పక్క పట్టింపులూ ఈ పక్క పట్టింపులూ కలిసి మా నెత్తిన పడ్డాయి. కొత్తలో నాకు ఈ 'అట' భాష వింతగా ఉండేది. తర్వాత ఎంత అలవాటైందంటే, ఒకసారి నాకు జ్వరం వస్తే నేనే గోడ వైపు తిరిగి "జ్వరం వచ్చిందట" అన్నాను. మా అక్క ఆ రోజంతా నవ్వింది.

ఇక బండి. ఒక రోడ్డు కాంట్రాక్టరు వాడి వదిలేసిన పెద్ద బండిని బావగారు కొన్నారు. ముందు ఇద్దరు, నడిమి సీట్లో ముగ్గురు నలుగురు, వెనుక తలుపు తెరిస్తే ఎదురెదురుగా రెండు బల్లల్లాంటి సీట్లు. మగవాళ్ళు ముందు. నడిమి సీటు పెద్దవాళ్ళకూ చుట్టాలకూ. వెనుక బల్లల మీద మా అక్కా నేనూ, మా కాళ్ళ నడుమ సంచులూ డబ్బాలూ. ఎక్కడికి పోయినా అంతే. నడిమి సీటు ఖాళీగా ఉన్న రోజున కూడా మేము అలవాటుగా వెనుకకే ఎక్కేవాళ్ళం, తోవలో ఎవరైనా పెద్దమనిషి చేయి ఎత్తితే ఎక్కించుకోవాలి కదా. ఆ బల్లలు సరిగ్గా వెనుక చక్రాల నెత్తి మీద ఉంటాయి. ఆ కాలంలోనే పత్తి విత్తనాల సంచులు, ఎరువు బస్తాలు, ఒకసారి ఏకంగా ఒక మోటారు పంపు, అన్నీ ఆ వెనుక భాగంలోనే మోశారు. రెండేళ్ళలో బండి తోక కుంగింది. గుంత వస్తే చాలు, కింద ఇరుసు పైకి లేచి బండి అడుగుకు దబ్బున కొట్టుకునేది. ఆ దెబ్బ మా నడుముల్లోంచి మెడ దాకా వచ్చేది. మా అక్క ఒకసారి సాహసం చేసి, "వెనుక కింద తగులుతున్నది జర సూడుండ్రి" అంటే, బావగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే, "ఏడ తగులుతున్నది? నాకేం తెలుస్తలేదు" అన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

మా అక్కకు యాభై దాటాక నడుము నొప్పి మొదలైంది. నిర్మల్‌లో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాం, మేమిద్దరమే, బట్టలు కొనే పని పెట్టుకుని పోయి. ఎముకలు పలుచబడ్డాయి, బరువులు ఎత్తకు, కుదుపులు తగలనివ్వకు అని ఆమె గట్టిగా చెప్పింది. బయటికి వచ్చాక మా అక్క నా చెయ్యి పట్టుకుని, "బావకు చెప్పకు చెల్లె. పత్తి ఏరే దినాలల్ల నడుము పేరు చెప్పుకొని పండుకున్నదంటడు" అంది. నేను చెప్పలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఇది చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి, నా తప్పు ఇక్కడి నుంచే లెక్క.

బండి కుంగిందని బావగారికి చివరికి తెలిసింది మా నడుముల వల్ల కాదు. ఒక పెళ్ళిలో, పందిరి ముందు వరసగా బండ్లు ఆపి ఉంటే, నిర్మల్ వైపు చుట్టం ఒకాయన నలుగురిలో మీసం దువ్వుకుంటూ, "ఏం పటేలా, నీ బండి బర్రె లెక్క కూసున్నదేంది? లేపుమంటవా నలుగురం కలిసి?" అన్నాడు. అందరూ నవ్వారు. మా బావగారూ నవ్వారు. కానీ ఆ వారంలోనే బండిని కరీంనగర్ తీసుకుపోవాలని నిశ్చయమైంది. బోథ్‌లో, ఆదిలాబాద్‌లో ఆ పని చేసేవాళ్ళు లేక కాదు. తెలిసినవాళ్ళు చూస్తారని.

నాకు అదే సమయంలో దవడ పన్ను ఒకటి ప్రాణం తీస్తోంది. ఎట్లాగూ కరీంనగర్ పోతున్నారు కదా అని మా ఆయన నన్నూ ఎక్కించాడు. కోడి కూతకు బయలుదేరి, పోగానే పన్ను పీకించుకుని, నోట్లో దూది కుక్కుకుని, మధ్యాహ్నానికి బైపాస్ రోడ్డు మీది కమాన్ దుకాణానికి చేరాం. కమాన్ అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. బండి బరువును వెనుక చక్రాల మీద మోసేవి ఉక్కు పట్టీలు. విల్లులా వంచి, పొడుగుది పైనా పొట్టివి కిందా ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ బోల్టుతో బిగించి కట్టలా చేస్తారు. ఆ కట్ట కమాన్. దుకాణం నిండా పాత పట్టీలు తుప్పుతో ఎర్రగా పడి ఉన్నాయి, వెనుక కొలిమి మండుతోంది. నన్ను ఒక పాత టైరు మీద గోనెసంచి పరిచి కూర్చోబెట్టారు. బావగారి ఎదుట కుర్చీ పనికిరాదు కానీ టైరుకు అభ్యంతరం లేదు.

దుకాణం యజమాని తెల్లగడ్డం ముసలాయన, అందరూ ఉస్తాద్ అంటున్నారు. ఆయన తొందరపడలేదు. బండిని చదునైన చోట నిలబెట్టించి, చక్రానికీ పైన రేకుకూ నడుమ జానతో కొలిచాడు, ఇటూ అటూ. ఎడమ వైపు రెండు వేళ్ళు తక్కువుందన్నాడు. కిందికి దూరి, దీపం పెట్టి చూసి, బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "పట్టీలు సచ్చిపోయినయ్ పటేల్ సాబ్. వంపు పోయి సాపైనయ్. రబ్బరు బుష్షులు పిండైనయ్. షాకులల్లకెళ్ళి నూనె కారుతున్నది. కొత్త కట్టలు ఎయ్యాలె, బుష్షులు, షాకులు మార్చాలె. రెండు దినాలు పడ్తది" అన్నాడు. బావగారికి అదంతా ఎందుకో నచ్చలేదు. "రెండు దినాలు ఈడ ఏం చెయ్యాలె? తోక లేవాలె, గంతే. లారీ పట్టీలు చెరి రెండు ఎయ్యి" అన్నారు. ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు. "లేస్తది సాబ్, లేవక ఏం? గని లారీ పట్టీ లారీ బరువుకే వంగుతది. బరువు లేకుంటే గుర్రం తన్నినట్టు తంతది. వెనుక ఎవరు కూసుంటరు, జర చెప్పుండ్రి. మనుషులు కూసుంటే మాత్రం గిది వద్దు."

బావగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎవ్వరు కూసోరు. సామాను ఏస్తం" అన్నారు.

అది అబద్ధమని ఆయనకు అనిపించిందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. అనిపించి ఉండదు. పరాయి మనిషి దగ్గర, బజారులో, మా ఇంటి ఆడవాళ్ళు వెనుక సంచుల నడుమ కూర్చుంటారని ఏ పటేల్ చెప్పుకుంటాడు? ఇంట్లో ఆడవాళ్ళ ఊసు బయట తీయకపోవడం మర్యాద అని పెరిగిన మనిషి. ఆ మర్యాదే ఆయన చేత ఆ మాట అనిపించింది. మా ఆయన అప్పుడు రోడ్డు మీద పోయే లారీల నెంబర్లు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఉస్తాద్ మాత్రం బండి వెనుక తలుపు అద్దం వైపు చూశాడు. ఆ అద్దం మీద మా బొట్టుబిళ్ళలు ఉన్నాయి, పదో పదిహేనో. ఉక్కపోతకు నుదుటి నుంచి జారినప్పుడల్లా తీసి అద్దానికి అంటించేవాళ్ళం, ఎర్రవి నావి, మెరూన్‌వి మా అక్కవి. ఆయన వాటిని చూశాడు. తర్వాత టైరు మీద కూర్చున్న నన్ను చూశాడు. "పక్కానా సాబ్?" అని మళ్ళీ అడిగాడు, నన్ను చూస్తూనే. "చెప్తున్న గద" అన్నారు బావగారు.

నేను మాట్లాడలేదు. నోట్లో దూది ఉంది కనుక మాట్లాడలేకపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే, అంతకు అరగంట ముందే దూది ఉమ్మేసి, చల్లటి చాయ్ ఇచ్చాడని హోటల్ వాడితో తగువు కూడా పెట్టుకున్నాను. గోడకు చెప్పే భాష నాకు రానిదీ కాదు. "వెనుక ఆడోళ్ళు కూసుంటరట" అంటే సరిపోయేది. మూడు ముక్కలు. డాక్టరమ్మ మాట నా చెవిలో ఉంది, ఉస్తాద్ కళ్ళు నా మీద ఉన్నాయి, అడిగిన ప్రశ్నకు జవాబు నేనే. కానీ కొత్తకోడలి భయం ఒకటి ఇరవై నాలుగేళ్ళ తర్వాత కూడా నాలో పాతుకుని ఉంది. పరాయివాడి ముందు బావగారి మాట కాదన్న ఆడది అనిపించుకోవడం కంటే ఏదైనా నయం అనిపించింది. తల వంచుకుని కొంగు సర్దుకున్నాను. ఉస్తాద్ పనిలోకి దిగాడు. సాయంత్రానికల్లా బండి తోక లేచింది.

లేవడమంటే అట్లా ఇట్లా లేవలేదు. ఊళ్ళోకి వస్తుంటే జనం ఆగి చూశారు. బావగారు పది రోజులు అవసరం లేకున్నా బండి తీసి తిరిగారు. వెనుక తలుపు మెట్టు మాత్రం మా మోకాలి పైకి వచ్చింది. నేను చీర ఎత్తి పట్టుకుని పాకుతూ ఎక్కేదాన్ని, మా అక్క పొడగరి కనుక ఎట్లాగో ఎక్కి నాకు చెయ్యి ఇచ్చేది. దబ్బుమనే చప్పుడు పోయింది, నిజమే. దాని బదులు ఇప్పుడు ప్రతి గుంతకూ బండి మమ్మల్ని ఎత్తి కుదేసేది. మూడోసారి తల పైకప్పుకు కొట్టుకున్నాక మా అక్క, "ఇంతకుముందు కిందికెళ్ళి కొట్టేది, ఇప్పుడు పైకెళ్ళి కొడుతున్నది. నడుమ మనం బతికితే దేవుని దయ" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వగలిగాను.

ఆ ఏడు మా అక్కకు పుట్టింట్లో ఒడిబియ్యం పోశారు. ఈ పక్క ఆడపిల్లలకు తెలిసిన సంగతే. అన్నదమ్ములు ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒళ్ళో పోసి నడుముకు కడతారు. చాలామంది తర్వాత మూట కట్టి తెచ్చుకుంటారు. మా అక్కకు పట్టింపు, ఒడి విప్పకుండానే అత్తింటి గడప దాటాలని, వాళ్ళ అవ్వ అట్లాగే చేసేదట. మధ్యాహ్నం చొప్పదండిలో బయలుదేరాం. మా ఆయన నడుపుతున్నాడు, బావగారు పక్కన. నడిమి సీట్లో మా అక్క పుట్టింటివాళ్ళు ఇచ్చిన స్టీలు బిందెలూ పిండివంటల గంపలూ, దెబ్బ తగలకుండా దుప్పటి చుట్టి పెట్టారు. వెనుక మేమిద్దరం, ఆమె ఒళ్ళో అయిదు కిలోల బియ్యం. బండిలో బరువే లేదు.

నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు ఇంకా రాకముందు ఒక ఊరు. అక్కడ ఎవరినో బండి గుద్దిందని ఊరివాళ్ళే మట్టీ రాళ్ళూ పోసి రోడ్డుకు అడ్డంగా ఒక కట్ట వేసుకున్నారు. దానికి రంగు లేదు, బోర్డు లేదు. మా ఆయన చూసుకోలేదు. ముందు చక్రాలు దాటిన అదురుకే నేను కిటికీ కడ్డీ పట్టుకున్నాను. మా అక్క చేతులు రెండూ ఒడి మీద ఉన్నాయి. ఆమె పైకి లేచింది, బల్ల ఆమె కింద నుంచి పోయి మళ్ళీ పైకి వచ్చి తగిలింది. "అవ్వా" అంది, ఒక్కసారే. ముందు నుంచి బావగారు "ఏమైంది?" అన్నారు. ముఖం తెల్లగా పాలిపోయి, చెమటలు కారుతూ, "ఏం కాలే. పోనియ్యుండ్రి" అంది. ఒక్క గింజ కూడా కింద పడలేదు. గంటకు పైగా ఆ ఘాట్ రోడ్డంతా అట్లాగే కూర్చుని, ఇంటి ముందు నా భుజం పట్టుకుని దిగి, గడప దాటి, దేవుడి ముందు ఒడి విప్పింది. కూర్చున్నది మళ్ళీ లేవలేదు.

కరీంనగర్ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూపించాడు. వెన్నులో ఒక ఎముక, పక్కనున్నవాటిలా పెట్టెలా ఉండాల్సింది, ముందు వైపు నలిగి చీలికలా అయిపోయింది. మేము ఏమీ చెప్పకముందే, "వెనుక సీట్ల కూసున్నరా? స్పీడ్ బ్రేకరా?" అన్నాడు. బస్సుల్లో చివరి సీటు, జీపుల్లో వెనుక బల్ల, ఇట్లాంటివి చూసీ చూసీ ఆయనకు విసుగు వచ్చినట్టుంది. బావగారు గొంతు సవరించుకుని, "వయసు గద డాక్టర్ సాబ్, ఎముకలు గుల్లబారినయేమో" అన్నారు. "గుల్లబారినయ్. నిజమే. గని ఎముక దానంతట అది నలగదు" అన్నాడు ఆ అబ్బాయి.  బావగారి ముఖం చూస్తే నాకు జాలి కలగలేదు. జాలి పడాల్సి వస్తే నా మీద కూడా పడాల్సి వచ్చేది.

నాలుగు నెలలు నడుముకు పట్టీ కట్టుకుని మంచంలో ఉంది. లేచాక మా అక్క మా అక్కలా లేదు. మొదట రెండు వేళ్ళ ఎత్తు తగ్గింది, తర్వాత వీపు వంగడం మొదలైంది, ఏడాది తిరిగేసరికి ఆమెకు మనుషుల ముఖాల కంటే కాళ్ళు ముందు కనిపించేవి. వచ్చినవాళ్ళను చెప్పులను బట్టి గుర్తుపట్టేది. దసరాకు తోరణం నేను పీట వేసుకుని కట్టాను. ఆమె కిందనుంచి మామిడాకులు అందించింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అన్నట్టు, నడుము విరిగాక ఆమెకు బండిలో ముందు సీటు వచ్చింది. డాక్టరు చెప్పాడని బావగారే స్వయంగా తలుపు తీసి కూర్చోబెట్టేవారు. ముప్పై ఏళ్ళ కాపురంలో రాని ముందు సీటు.

ఇంత జరిగినా ఆ లారీ పట్టీలు బండి కిందే ఉన్నాయి. వాటిని తీయించిన కథ వింటే మీకు నవ్వు రావాలి, నాకు రాదు. బావగారి కూతురి అత్తవారు వచ్చారొకసారి. ఆదిలాబాద్‌లో ఏదో శుభకార్యానికి అందరూ కలిసి పోవాలి. వియ్యంకుడికి ముందు సీటు ఇవ్వక తప్పదు. నడిమి సీట్లో వియ్యపురాలు, ఆమె తల్లి, మా అక్క. మిగిలింది వెనుక బల్లలే, అక్కడ బావగారి ఎదుట కూర్చోకూడదు కనుక నేను ఇంట్లోనే ఉండిపోయాను. బావగారు జీవితంలో మొదటిసారి వెనుక బల్ల మీద కూర్చున్నారు. బోథ్ నుంచి ఆదిలాబాద్ అంటే గంట ప్రయాణం, అదీ మంచి రోడ్డు. పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట. మర్నాడు పొద్దున చాయ్ తాగకుండానే, నడుము మీద చెయ్యి పెట్టుకుని, మా ఆయనతో "బండి తియ్యిరా, కరీంనగర్ పోదాం" అన్నారు.

ఈసారి రెండు రోజులు అక్కడే ఉన్నారు. ఉస్తాద్ లారీ పట్టీలు ఊడదీసి, బండికి తగిన కొత్త కట్టలు వేసి, బుష్షులు, షాకులు మార్చి, ఖాళీగా ఒకసారి కొలిచి, నలుగురిని ఎక్కించి ఇంకోసారి కొలిచాడట. ఆఖరుకు తానే వెనుక బల్ల మీద కూర్చుని, బైపాస్ మీది మిట్టల మీదుగా నాలుగుసార్లు తిప్పించి, సరేనన్నాకే దిగాడట. పని అంతా అయ్యాక, "ఆ దినమే అడిగిన గద సాబ్" అన్నాడని మా ఆయన నాకు చెప్పాడు. బావగారు మాత్రం  ఊడదీసిన పట్టీలు పాత ఇనుముకు వేయకుండా ఇంటికి తెచ్చి కొట్టంలో గోడకు ఆనించారు. ఎందుకు తెచ్చారో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అడగడం ఎప్పుడు ఉంది గనుక?

బావగారు పోయి ఆరేళ్ళు, మా అక్క పోయి నాలుగేళ్ళు. బండి మా వాటాకు వచ్చి కరీంనగర్ చేరింది, మాతో పాటే. బావగారు పోయిన ఏడాదికి ఒక మధ్యాహ్నం, బోథ్ ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె మంచం పట్టె మీద కూర్చుని చాటలో పెసర్లు ఏరుతోంది. ఇక దాచడానికి ఎవరి భయమూ లేదు కదా అనిపించి చెప్పేశాను. "అక్కా, ఆ దినం కమాన్ దుకాణంల నేను ఆడనే ఉంటి. వెనుక ఎవరు కూసుంటరని ఉస్తాద్ అడిగిండు. బావ ఎవ్వరు కూసోరన్నడు. నేను నోరు తెరవలే. పన్ను పీకిచ్చుకున్న గద, నోట్ల దూది ఉండె." ఇన్నేళ్ళ తర్వాత, అంత వంగిన మనిషి ముందు కూడా ఆ దూది అబద్ధం వదలలేదు నేను.

ఆమె చేతులు ఆగలేదు. వంగిపోయిన మనిషి కనుక ముఖం నాకు కనిపించలేదు. రెండు రాళ్ళు ఏరి పక్కకు వేసింది.

"చెప్తే ఏమయితుండె చెల్లె?"

"బావ కోపానికొస్తుండె."

"కోపానికొచ్చి?"

"నన్ను ఒక మాట అంటుండె అక్కా."

"ఒక్క మాట" అంది. ఆ తర్వాత ఇంకో రాయి ఏరింది. పోనీలే అంటుందని నేను చూశాను. తిట్టినా బాగుండేదని చూశాను. ఆమె పెసర్లన్నీ ఏరడం అయ్యాక చాట నా చేతికిచ్చి, డబ్బాలో పోసి మూత గట్టిగా పెట్టమంది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. ఆ రోజు బావగారి చేత ఆ ఒక్క మాట పడి ఉంటే, బండి బోథ్ చేరేలోపే అది పాతబడిపోయేది. పడకుండా తప్పించుకున్నాను కనుక పదహారేళ్ళయినా అది పాతబడలేదు.